కట్టే గోడ కింద నీడ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఒక దినపత్రికకు అక్కడి వార్తలు రాసేవాణ్ణి. ఊళ్లో ఎటు చూసినా కట్టడాలే. నా గదికి ఎదురుగా ఒక ఆఫీసు లేస్తుండేది. రాతి గోడలు, వాటి చుట్టూ కట్టెలూ పలకలూ కట్టిన పరంజా. గోడ ఎంతవరకు వచ్చిందో కనుక్కుని నాలుగు వాక్యాలు రాయడానికి పోయేవాణ్ణి. పోగాపోగా కూలీలు సంగటి తినే వేళకు అక్కడ కాసేపు కూర్చోవడం అలవాటైంది.

ఆ చుట్టుపక్కల చెట్టన్నది లేదు. నడివేసవి. పొద్దు కాస్త వాలాక నీడ దొరికేది తూర్పు గోడ వారన, పరంజా పలకల కిందే. అందరూ అక్కడే మూటలు విప్పేవారు.

ఆలూరు వైపు నుంచి కరువుకు వలస వచ్చిన ఒకామెకు ఆరేడు నెలల కొడుకు. మగడు ఊళ్లోనే ఎద్దుల దగ్గర ఉండిపోయాడు. పని సాగుతున్నంతసేపూ ఆమె పిల్లవాణ్ణి ఇసుక కుప్ప వెనక, నిలబెట్టిన చాప చాటున పడుకోబెట్టేది. తాపీవాళ్లు కిందికి దిగగానే తెచ్చి, పరంజా కట్టెల మధ్య చీర ఉయ్యాల కట్టి వేసేది.

"ఏమ్మా, ఈడ కట్టొద్దంటే వినవు," అన్నాడొకరోజు మేస్త్రీ. కోయిలకుంట్ల వైపు మనిషి, అరవై దాటినవాడు.

"పని ఆపినాక పైనుంచి ఏం పడ్తాది మేస్త్రన్నా? ఇంగ నీడ యాడుండాది, నువ్వే చూపీ."

మేస్త్రీ చుట్టూ చూసి, తన మూటా అక్కడే విప్పాడు. నిజానికి అక్కడున్న అందరి లెక్కా అదే. పని ఆగితే ప్రమాదమూ ఆగినట్టే. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

రెండు రోజులకు, అందరూ ముద్ద చేతిలో పట్టుకుని ఉండగా సుడిగాలి లేచింది. పలకలు అదిరాయి. గోడ మీది నుంచి రాతిసుత్తి ఒకటి జారి, ఉయ్యాల కట్టెకు తగిలి, పిల్లవాడి తలకు జానెడు దూరంలో నేలలో దిగబడింది. వాడు నిద్రలోంచి లేవనైనా లేదు. తల్లి మాత్రం వాణ్ణి లాక్కుని, ఎండలోకి పోయి నిలబడింది.

సుత్తి పైన ఎందుకుంది? అక్కడి తాపీవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. సుత్తి గోడ మీద పెట్టి దిగినవాడిదే ఆ చోటు. తిరిగి పనికి ఎక్కాక ఎండపక్కకు నెట్టబడకుండా ప్రతివాడూ సుత్తి పెట్టే దిగేవాడు.

"నేనేమన్నా తోసినానా? గాలి తోసింది," అన్నాడు ఆ సుత్తి మనిషి.

"గాలిని నేను పనిలోకి పిల్చలేదప్పా. సుత్తి నీది," అన్నాడు మేస్త్రీ.

"దించుకుంటే నా తావులో ఇంగొకడు కూచుంటాడు."

"అయితే నీ తలగుడ్డలోంచి పేలిక చించి పెట్టిరా. అది పడితే ఎవని తలా పగలదు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో కొంత బిగువు సడలింది. మరునాటి నుంచి పనిముట్లన్నీ గంపలో తాడుతో కిందికి దిగేవి. గోడ మీద తడి సున్నపు ముద్దల కింద, చోటు గుర్తుగా రంగురంగుల పేలికలు మిగిలేవి. మేస్త్రీ దూరంగా నీడకు కందికట్టెతో చప్పరం వేయించాడు. గోడ చుట్టూ సున్నంతో గీత గీసి, పని ఆగినా దాని లోపల ఎవరూ కూర్చోకూడదన్నాడు. గోడ ఎంత ఎత్తు లేస్తే గీత అంత దూరం జరగాలన్నది అతని లెక్క.

గుత్తేదారు గుమాస్తాకు ఇది నచ్చలేదు. "సంగటికి అంత దూరం నడిస్తే పని ఎప్పుడైతాది?"

"నడిచే కాళ్లు వాళ్లవి. నీకేం నొప్పి?" అన్నాడు మేస్త్రీ.

అయినా మొదట్లో చప్పరం కిందికి ఎవరూ పోలేదు. గోడ వారన చల్లదనం అక్కడ లేదు. మూడో రోజు మేస్త్రీ నీళ్ల కుండలు చప్పరం కిందికి మార్పించాడు. ఆ పూటే అందరూ కదిలారు.

ఆమె మాత్రం పిల్లవాణ్ణి ఒళ్లోంచి దించేది కాదు. చప్పరం అంచున కూర్చుని, దిగివచ్చే ప్రతి తాపీవాడి చేతులూ, గంపా చూసేది. ఊరికి వెళ్లిపోతానని ఒకటి రెండుసార్లు అంది. ఊళ్లో పని లేదని ఆమెకూ తెలుసు. నాకు గుర్తున్నంతలో, తొమ్మిదో పదో రోజున, చప్పరపు గుంజలకు మళ్లీ ఉయ్యాల కట్టింది. కట్టి, ఒళ్లో పిల్లవాడు లేకుండా తిండి తింది.

ఎవరికీ దెబ్బ తగలకపోతే అది వార్త కాదు. నేను రాయలేదు.

వానలు మొదలయ్యేసరికి రెండో అంతస్తు లేస్తోంది. ఒక ఉదయం ఆమె మేస్త్రీని ఆపింది.

"గీత ఇంగా రోంత దూరం జరుపు మేస్త్రన్నా. వీడు పాకతాండాడు."

"గోడ అంత లేయలేదు గదమ్మా."

"గోడ నిదానంగా లేస్తాది. వీడు నిదానంగా ఉండే రకం కాదు."

మేస్త్రీ సున్నం డబ్బా ఆమె చేతికిచ్చాడు. ఆమె పిల్లవాణ్ణి చంకనేసుకుని, పాత గీత దగ్గర నుంచి అడుగులు కొలుచుకుంటూ పోయి, వంగి కొత్తది గీసింది. కాస్త వంకరగానే వచ్చింది. అటుగా వచ్చిన గుమాస్తా తడి సున్నం దగ్గర ఆగి, ఆమెను చూసి, గీత దాటకుండా బయటి నుంచే చుట్టు తిరిగి పోయాడు.