ఆ క్రాంక్ సత్తయ్య చేతిలో పాడవలేదు

నిన్న మధ్యాహ్నం సత్తయ్య కూతురు ఫోన్ చేసింది.
"సార్, మా నాయిన పోయిండు. పొద్దుగాల ఛాయ్ తాగిండు, మంచిగనే మాట్లాడిండు. గంతే సార్."

 

ఇవాళ మన ఫేస్‌బుక్ గ్రూప్ చూశాను. దండాలు, పువ్వులు, దీపాలు.
వాటి మధ్యలో ఆ పెద్దమనిషి కామెంట్ కూడా: "గ్రేట్ వర్క్‌మన్. మిస్ యూ."

సిగ్గుండాలి.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. సత్తయ్య గురించి మంచే చెబుతాను. బతికున్నవాళ్లకు ఆ నియమం లేదు.

తెలియనివాళ్ల కోసం: సత్తయ్య బాలానగర్‌లో ఓ షాపులో అరిగిన క్రాంక్‌షాఫ్టులను సానపట్టి గ్రైండింగ్ చేసేవాడు. ఇంజన్‌లో పిస్టన్ల పోటునంతా తన మీద వేసుకుని తిరిగే ఉక్కు కడ్డీ అది. నేను పాలిటెక్నిక్‌లో లోహాల పాఠాలు చెప్పేవాణ్ని. పగుళ్ల గురించి నేను చదివిన పుస్తకాలకు లెక్కలేదు. పగులును వేలు పెట్టి చూపించింది మాత్రం అతనే.

తొంభైల చివర్లో, మాదాపూర్‌లో బండల మధ్య అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులు. ఆ కామెంట్ పెట్టిన పెద్దమనిషి అక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. తన కారుకి ఫారిన్ నుంచి సూపర్‌చార్జర్ తెప్పించి బిగించాడు. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కే యంత్రం అది. దాన్ని తిప్పే బెల్టు క్రాంక్ ముందు కొసనే పట్టి లాగుతుంది.

కొన్నాళ్లకే బేరింగులు అరిగి, క్రాంక్ సత్తయ్య దగ్గరికి వచ్చింది.

గ్రైండింగ్ అయ్యాక అతనికో అలవాటు. క్రాంక్‌కి కిరోసిన్ పూసి, బాగా తుడిచి, సుద్దపొడి చల్లేవాడు. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి గీతలా కనిపిస్తుంది.
ముందు కొసలో, బెల్టు తిరిగే పుల్లీని పట్టి ఉంచే గాడి మూలన, వెంట్రుకంత గీత తేలింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

"ఇది పనికిరాదు సార్," అన్నాడు సత్తయ్య.
"ఎల్లుండి ఆఫీస్ ఓపెనింగ్. కొత్తది రావడానికి నెలలు పడుతుంది. నువ్వు గ్రైండర్‌వా, డాక్టర్‌వా?" అన్నాడు క్రాంక్ కోసం వచ్చిన పెద్దమనిషి.
"గాలి ఎక్కువ కొడ్తే బలమొస్తది, ఒప్పుకుంట. గా బలమంత గీ కడ్డీ మీదనే గద పడేది? దీనికెవ్వరు బలమిస్తరు సార్?"
షాపు ఓనర్‌కి చిరాకొచ్చింది. "నీకెందుకు సత్తీ, ఇచ్చెయ్."
"నా చేతితోని ఇయ్య సేట్. మీరే ఇయ్యున్రి."

ఓనరే ఇచ్చాడు.

ఓపెనింగ్ గడిచింది. మరుసటి నెల, కారులో విదేశీ అతిథులుండగా, మాదాపూర్ ఎత్తు మీద క్రాంక్ ముందు కొస పుటుక్కున విరిగింది. సూటూబూటూ వేసుకున్న అతిథులు ఎండలో రోడ్డు మీద నిలబడ్డారు.
ఆ నింద ఎవరో ఒకరి నెత్తిన పడాలి కదా.
"గ్రైండింగ్ చెడగొట్టాడు" అని పెద్దమనిషి ఊరంతా చాటాడు. కొత్త కంపెనీల బేరాలు పోతాయని ఓనర్ సత్తయ్యను తీసేశాడు. మళ్లీ ఏ షాపూ అతన్ని మెషీన్ ముట్టనివ్వలేదు.

విరిగిన ముక్కను పరీక్షకు నా దగ్గరికే పంపారు.

అందులో సందేహానికి చోటే లేదు. గాడి మూలన మొదలై, ఇసుక మీద అలల జాడల్లా నున్నగా పాకిన పాత పగులు. చివర మిగిలిన కొంచెమే గరుకుగా, కొత్తగా తెగింది. గ్రైండింగ్ రాయి ఆ దరిదాపులకే పోలేదు.

అప్పుడు పెద్దమనిషి ఫోన్ చేశాడు. "మాస్టారూ, మీ కాలేజీకి కంప్యూటర్ ల్యాబ్ ఇద్దామనుకుంటున్నామండి. రిపోర్ట్ కాస్త చూసి రాయండి."

చూసే రాశాను. "కారణం నిర్ధారించలేము."

అవును, నేనే. ఈ పోస్ట్‌లో తిట్టాల్సినవాళ్లలో నేనూ ఉన్నాను.
ల్యాబ్ వచ్చింది. రిబ్బన్ కత్తిరింపులో నేను చప్పట్లు కూడా కొట్టాను.

తర్వాత సత్తయ్య మాదాపూర్‌లోనే ఓ టవర్ పార్కింగ్‌లో సెక్యూరిటీ గార్డ్ అయ్యాడు. ఒకసారి నా కళ్లముందే, లోపలికొస్తున్న కారు చప్పుడు విని డ్రైవర్‌తో అన్నాడు: "తమ్మీ, బేరింగ్ మొత్తుకుంటున్నది. ఇంజన్ జర చూపియ్యి."
"చాచా, నువ్వు గేటు తియ్యరాదు ముందు!"
గేటు తీసి, సెల్యూట్ కొట్టాడు.
నా వైపు తిరిగాడు. "సార్, గా ముక్క మీరు చూసిన్రు గద. ఏం కనవడ్డది?"
"చెప్పలేం సత్తయ్యా."
నవ్వాడు. "మీక్కూడ కనవడలేదా సార్."

ఇంకెప్పుడూ అడగలేదు. అడిగి, తిట్టి, కాలర్ పట్టుకుని ఉంటే ఈ పాటికి నేనూ మనిషినయ్యేవాణ్నేమో.

నిన్న అతని కూతురు చివర్లో అంది: "పని చెడగొట్టిండని బస్తీల ఇప్పటికీ అంటరు సార్."

అమ్మా, ఇది వాళ్లకు చూపించు. ఆ క్రాంక్ పాత పగులు వల్ల విరిగింది. మీ నాయిన ముందే చూశాడు, వద్దన్నాడు. ఆయన గ్రైండింగ్‌లో ఏ తప్పూ లేదు. ఆ ముక్కను పరీక్షించినవాణ్ని నేను. అబద్ధం రాసిందీ నేనే.

వెళ్లిరా సత్తయ్యా. శాంతి నీకు దక్కాలి.
మాకెవ్వరికీ దక్కకూడదు.