గోదావరి ఈదిన అమ్మాయి

ఇల్లు వదిలి సింగపూర్‌లో దిగిన కొత్తల్లో మా అందరికీ ఒక జబ్బు ఉండేది. పుట్టి పెరిగిన ఊరు, అక్కడున్నన్నాళ్ళూ ఎప్పుడు బయటపడదామా అనిపించిన ఊరే, ఇక్కడికొచ్చిన నెలకల్లా నోట్లోంచి రెండింతలై బయటికొచ్చేది. ఒకడి మామిడిపళ్ళు కొబ్బరికాయలంత ఉండేవి, ఇంకొకడి తాతగారు పులిని తరిమేవారు. నాది కొవ్వూరు. నాకు చెప్పుకోవడానికి గోదావరి ఒక్కటే ఉంది. చాంగీ బిజినెస్ పార్క్‌లో మా ఆఫీసు కింద హాకర్ స్టాల్ దగ్గర టీమంతా భోంచేస్తుంటే, ఒక మధ్యాహ్నం, ఎవరూ అడక్కుండానే, “చిన్నప్పుడు నేను గోదావరి ఈదేదాన్ని” అన్నాను. (చిన్నప్పుడు నేను మోకాలి లోతు దాటి నీళ్ళలోకి వెళ్ళి ఎరగను. మా నాయనమ్మ నా జడ పట్టుకుని ఒడ్డునే నిలబడేది.) “ఇటు నుంచి అటా?” అని ఎవరో అడిగారు. “ఇటు నుంచి అటు. మళ్ళీ ఇటు” అన్నాను.

నా పక్కన కూర్చున్న వరంగల్ పిల్ల, నా రూమ్మేటు, చెంచా కింద పెట్టి నన్ను చూసింది. ఫ్లాట్‌కి వెళ్ళాక పట్టుకుంది. “నీకు ఈత ఎన్నడొచ్చిందే? మొన్న బాత్రూమ్ల నీళ్ళు నిండితే మంచమెక్కి కూసున్నవ్ గద?”

“మాటవరసకి అన్నాన్లే” అన్నాను. అక్కడితో పోయేదే, మా టీమ్ లీడ్ ఆ మాట మనసులో పెట్టుకోకపోయి ఉంటే. ఆయన ఇక్కడే పుట్టి పెరిగిన తమిళాయన, యాభై దాటాయి, పేరుతో కాకుండా అందరం మీసాల అంకుల్ అనేవాళ్ళం. నా ఉద్యోగం ఖాయం చెయ్యాలా వద్దా అన్నది ఆ మీసం కిందే ఉండేది. అంకుల్ మర్నాటి నుంచి నన్ను “గోదావరి గర్ల్” అని పిలవడం మొదలుపెట్టాడు. నేనూ పలికాను.

రెండు నెలలకి టీమంతా కలిసి ఓ శనివారం బ్రిడ్జి దాటి మలేషియాలో సముద్రానికి దగ్గర్లో ఒక నది ఒడ్డు పల్లెకి వెళ్ళాం. ముప్ఫై గడప ఉంటుందేమో. నీళ్ళ మీద గుంజలు పాతి కట్టిన చెక్క కాటేజీలు, వాటి మెట్లు తిన్నగా నదిలోకే దిగుతాయి. అరుగుల మీద ఎండుచేపలు, తాళ్ళ మీద రంగురంగుల లుంగీలు. మా బస ఇటు గట్టున, భోజనం అటు గట్టున, కాస్త దిగువకి, ఒక పెద్దావిడ ఇంట్లో. ఆవిడని ఊరంతా మక్చిక్ అనేవారు, మనం పిన్నిగారూ అన్నట్టు. ఆవిడ భర్త మోటారు పడవలో అందర్నీ తీసుకెళ్తున్నాడు. అంకుల్ మాత్రం కడుపులో బాగాలేదని ఇటే కూర్చున్నాడు. పొద్దున్న బస్సు దిగినప్పుడు తొడుక్కున్న నారింజరంగు లైఫ్‌జాకెట్ ఇంకా విప్పలేదు.

చివరి పడవ ఎక్కబోతుంటే నన్ను పక్కకి పిలిచాడు. “కడుపులో ఏం లేదమ్మా. ఆరేళ్ళప్పుడు కాలవలో పడ్డాను. అప్పట్నుంచీ పడవ ఎక్కలేదు. ఆ మోటారు చప్పుడంటేనే నాకు హడలు. నా పిల్లలు కూడా నవ్వుతారు లా.” (ఇక్కడివాళ్ళ మాటల చివర ఆ ‘లా’ మన ‘లే’ లాంటిది.) మెట్లకి కట్టిన చిన్న తెడ్ల పడవ చూపించాడు. “నువ్వు గోదావరి ఈదినదానివి. నువ్వు తీసుకెళ్తే వస్తాను.”

వరంగల్ పిల్ల నా మోచెయ్యి గిల్లింది. “ఇప్పుడన్న నిజం చెప్పవే, పెద్దాయన పానం మీదికొస్తది.” చెప్పాలనే నోరు తెరిచాను. కానీ అంకుల్ అప్పటికే కళ్ళు మూసుకుని, మురుగా మురుగా అనుకుంటూ, ఒక కాలు పడవలో పెట్టేశాడు. అంత నమ్మకం నా మీద మా ఇంట్లో వాళ్ళకి కూడా ఎప్పుడూ లేదు. నోరు మూసుకుని నేనూ ఒక జాకెట్ తొడుక్కుని ఎక్కాను. మోటారు పడవ రూమ్మేటుని ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

నది వెడల్పు మా ఊరి పంటకాలవకి రెండింతలు, అంతే. అదే నా ధైర్యం. కుడిచేతి తెడ్డు వేస్తే పడవ ఎడమకి తిరిగింది, ఎడమది వేస్తే కుడికి తిరిగింది, రెండూ వేస్తే ఒకటి జారి నీళ్ళలో పడింది. పోనీ ప్రవాహంతో పాటు కిందికి కొట్టుకెళ్తే మక్చిక్ రేవు తగులుతుంది కదా అనుకున్నాను. నదులు సముద్రం వైపే పోతాయని ఐదో క్లాసులో చదివాను మరి. అక్కడ సముద్రం పోటు మీదున్నప్పుడు నది వెనక్కి నడుస్తుందని ఏ క్లాసులోనూ చెప్పలేదు. పడవ ఊరు దాటి, ఎగువకి, నింపాదిగా వెనక్కి వెళ్ళి, మడచెట్ల వేళ్ళలో దూరి ఆగింది. మొహం నిండా దోమలు.

“వచ్చేశామా?” అన్నాడు అంకుల్, కళ్ళు తెరవకుండా.

“అంకుల్, నాకు ఈత రాదు.”

“పడవ?”

“అదీ రాదు.”

“మరి గోదావరి?” అన్నాడు.

“గోదావరి ఉందంకుల్. అదొక్కటే నిజం” అన్నాను, ఏడుపు ముంచుకొస్తుంటే.

ఆయన కళ్ళు తెరిచాడు. చుట్టూ నీళ్ళు చూశాడు, నన్ను చూశాడు. మీసం వణకడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకుని నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. తీరా చూస్తే నవ్వుతున్నాడు. పొట్ట పట్టుకుని, పడవ ఊగిపోయేలా నవ్వి, తర్వాత లేచి నిలబడి (నీళ్ళంటే భయపడే మనిషి, నిలబడి!) మలయ్‌లో సాయానికి కేకలు పెట్టాడు.

మక్చిక్ తన పడవలో వచ్చింది. నిలబడే తెడ్డు వేస్తోంది, పక్కన నీళ్ళలోంచి ఏరిన మా తెడ్డు కూడా ఉంది. మా పడవకి తాడు కట్టి, దారి పొడుగునా నన్ను తిడుతూ లాక్కెళ్ళింది. “ఏమంటోంది?” అన్నాను. “నిన్ను ఏ ఊరని అడుగుతోంది” అన్నాడు అంకుల్. “ఏం చెప్పారు?” “ఎడారి అని.”

భోజనాలయ్యాక ఆవిడ మమ్మల్ని వదల్లేదు. ఇద్దర్నీ మళ్ళీ పడవెక్కించి, రేవు దగ్గర రెండు గంటలు తెడ్డు వేయించింది. నా అరచేతులు బొబ్బలెక్కాయి గానీ పడవ తిన్నగా పోలేదు. అంకుల్‌కి మాత్రం అరగంటలో పట్టుబడింది. సాయంత్రం బసకి తిరిగి వచ్చేటప్పుడు ఆయనే నన్ను ఎక్కించుకుని నది దాటించాడు. టీమంతా గట్టు మీద నిలబడి చప్పట్లు. ఆయన వంక చూసే ధైర్యం లేక నేను నీళ్ళు చూస్తుంటే, నెమ్మదిగా అన్నాడు. “నీకు నిజంగా ఈతా పడవా వచ్చి ఉంటే, వెళ్ళేప్పుడూ వచ్చేప్పుడూ నేను కళ్ళు మూసుకునే ఉండేవాణ్ణి. నది ఎలా ఉంటుందో కూడా చూసేవాణ్ణి కాదు.”

నాకు ఈత కూడా రాదన్న సంగతి ఆఫీసులో ఆయన ఎవరికీ చెప్పలేదు. సోమవారం నేనే చెప్పాను, బొబ్బలు చూపించి మరీ. వారం రోజులు నవ్వారు. ఉద్యోగం ఖాయమైంది. ఆ ఏడాదే సెరంగూన్ దగ్గర ఈత క్లాసులో చేరాను. పెద్దవాళ్ళ బ్యాచ్ ఖాళీ లేక ఆరేళ్ళ పిల్లల్లో వేశారు. నడుం లోతు నీళ్ళలో అంచు పట్టుకుని వేలాడుతుంటే ఒక బుడ్డది వచ్చి, “ఆంటీ, డోంట్ స్కేర్డ్ లా” అని నా వీపు తట్టేది.

ఇప్పుడు అంకుల్ రిటైరయ్యాడు, వరంగల్ పిల్లకి ఇద్దరు పిల్లలు, నేను ఇక్కడే పాతబడిపోయాను. చాలా ఏళ్ళు, గోదావరి ఈదిన ఆ ఇరవై మూడేళ్ళ అమ్మాయి గుర్తొస్తే సిగ్గుపడి మాట మార్చేదాన్ని. ఈమధ్య మార్చడం లేదు. తెలిసిన మొహం ఒక్కటి లేని బల్ల చుట్టూ, ఏం మాట్లాడాలో తెలియక, అన్నం మెతుకులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న పిల్ల అది. ఎవరికైనా దిగులేస్తే ఏడుస్తారు. అది కోతలు కోసేది, పాపం.