ఊఁ కొట్టని అమ్మకు రెండు నవలలు

మాయలోకాల నవలలకు ముందు పేజీలో పటం ఉంటుంది. పరాయి దేశాలకు పోయి స్థిరపడ్డవాళ్ల నవలలకు వెనక పేజీల్లో అర్థాల పట్టిక ఉంటుంది. గోంగూర అంటే పుల్లటి ఆకు, అత్త అంటే భర్త తల్లి అని. ఈ రెండు రకాలూ చదివీ చదివీ నా కళ్లద్దాలు సోడాబుడ్డి అడుగుల్లా తయారయ్యాయి. కోడుమూరులో మా బట్టల కొట్టు గల్లాపెట్టె ముందు కూర్చుని నేను దాటినన్ని సముద్రాలు ఏ ఓడ కెప్టెనూ దాటి ఉండడు. అయినా ఆ పుస్తకాలు ఏం చేయగలవో నాకు తెలిసింది మాత్రం పోయిన ఎండాకాలం, మా అమ్మ గొంతు ఆగిపోయినప్పుడు.

ఆ గొంతు సామాన్యమైనది కాదు. మా కొట్టులో ఆమె "ఆ ఎర్ర చీర తియ్యప్పా" అంటే వీధి చివరి కొట్టులో కూడా ఎర్ర చీర తీసేవాళ్లు. కదిలిపోతున్న కర్నూలు బస్సును గడప దాటకుండానే ఆపేది. కానీ ఆమె అసలు విద్య ఊఁ కొట్టడం. వినేవాళ్లు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోవాలి, మా ఇంట్లో అది చట్టం. ఆమె దగ్గర అనుమానపు ఊఁ ఉంది, భయపు ఊఁ ఉంది, "తెలుసులే, ముందుకు పో" అనే ఊఁ ఉంది. ఇంగ్లీషు నవలలు కళ్లతో చదువుతూ నోటితో తెలుగులో చెప్పుకుపోయే నన్ను ఇన్నేళ్లూ నడిపించింది అవే.

గొంతులో చిన్న గడ్డ లేస్తే కర్నూలులో ఆపరేషన్ చేసి తీసేశారు. కొన్నాళ్లు పెదవి విప్పొద్దన్నారు. ఆ గడువూ అయిపోయింది. "ఇంక మాట్లాడాలమ్మా. ఇట్లే ఊరుకుంటే గొంతు మొండికేస్తాది" అన్నాడు డాక్టరు. అమ్మ బుద్ధిగా తలూపింది. మాట మాత్రం రాలేదు.

కారణం నా భార్య కనిపెట్టింది. "స్నానాల గదిలో కొళాయి తిప్పుకోని ఏదో అనబోయిందత్త. గరగరమని వచ్చింది. బయటికొచ్చి నా మొగమే చూడలే" అంది. ఆ గరగర తనది కాదనుకుంది అమ్మ. ఎవరో పరాయిమనిషి తన నోట్లో కాపురం పెట్టినట్టు భయపడింది. అదీ మాకు వచ్చిన కష్టం.

నేను నాకున్న ఒకే ఒక వైద్యం మొదలుపెట్టాను. పిల్లలు ఎక్కి అటక అందుకోగలిగినంత లావు మాయలోకపు నవల ఒకటి తీశాను. మధ్యాహ్నం కొట్టు మూసిన వేళ అమ్మ మంచం మీద, మేమంతా ఆపా అని పిలిచే పక్కింటి సాయిబులావిడ గడప మీద, నేను స్టూలు మీద. మేఘాల మీద నగరం, దాన్ని కాచే రెక్కల పాము, దారి తప్పి అక్కడికి చేరి ఎవరికీ తన మాట అర్థంకాని ఒక పిల్ల. అమ్మ బొటనవేలు నోటి దగ్గరకు తీసుకెళ్లి ఎత్తి చూపించింది.

"ఆ పాము నీళ్లు యాడ తాగుతాదని అడుగుతాండాది మీయమ్మ" అంది ఆపా.

"రచయిత రాయలేదు ఆపా."

"అంత జంతువును పెట్టి నీళ్లు పెట్టకపోతే ఎట్లప్పా? శానా పాపం."

అప్పటికప్పుడు ఆ రాజ్యంలో ఒక చెరువు తవ్వించాను. పాము దాన్ని ఒక్క గుక్కలో తాగేసింది. అమ్మ నవ్వింది, మంచంపట్టె మీద వేలితో తట్టింది. చప్పుడు మాత్రం వేలిదే. మేఘాల మీద నగరం కట్టినవాడికి దండం పెడతాను. మేఘమే అపురూపమైన ఈ నేల మీద పడుకుని ఆ నగరాన్ని కళ్లారా చూసిన అమ్మకు అంతకంటే పెద్ద దండం. కానీ పుస్తకం అయిపోయింది, ఊఁ రాలేదు.

రెండోది ఉత్త సన్నటి నవల. పాములు లేవు, మంచు ఉంది. పెళ్లయి ఆ మంచు ఊరికి పోయిన ఒక తెలుగు అమ్మాయి. అక్కడివాళ్లు తన పేరును వంకరగా పలుకుతుంటే, కొన్నాళ్లకు తనూ అట్లాగే చెప్పుకోవడం నేర్చుకుంటుంది. అది చదువుతుంటే నాకు తట్టింది: మేఘాల మీద దారి తప్పిన పిల్ల ఈమే. పటం ఒక్కటే మారింది.

ఆమెకు ఒక కొడుకు పుడతాడు. ఒక రాత్రి వాడికి తన భాషలో కథ మొదలుపెడుతుంది. వాడికి ఊఁ కొట్టాలని ఎవరూ నేర్పలేదు. నోరు మెదపకుండా వింటాడు. నిద్రపోయాడనుకుని ఆమె సగంలో ఆపేస్తుంది, దీపం తీసేస్తుంది. వాడు చీకట్లో కళ్లు తెరుచుకునే ఉంటాడు.

అధ్యాయం అక్కడితో సరి. నేను పేజీ తిప్పబోయాను.

"ఊఁ."

ఇసుకలో బండి లాగినట్టు వచ్చింది. నేను ఆపా వైపు చూశాను, ఆపా నా వైపు చూసింది. అమ్మ లేచి కూర్చుని ఉంది. చూపు పుస్తకం మీదే ఉంది.

"చెప్పమను దాన్ని" అంది అమ్మ అదే గొంతుతో. "వాడు మేలుకొనే ఉండాడు."

"యా అల్లా, మాట వచ్చె" అంది ఆపా.

"నువ్వుండమ్మా, కత యిననీ" అంది అమ్మ.

పుస్తకంలో ఆ తల్లి దీపం మళ్లీ వెలిగించదు. తర్వాతి అధ్యాయం ఆఫీసులో మొదలవుతుంది. నేను పుస్తకం మూసి, వేలు అందులోనే ఉంచి, ఆ తల్లి చేత ఆగిన కథ మళ్లీ ఎత్తించాను. మాట మాటకూ మా అమ్మ గరగరమంటూ ఊఁ కొడుతూనే ఉంది.