సీతారావమ్మ పిన్నిని దింపివచ్చిన రోజు

పొద్దున్నే పక్కగది వాళ్ళు మెట్లు కడిగి ఫినాయిల్ చల్లితే, ఆ వాసనకి నేను మళ్ళీ షెల్టర్‌లో చాప మీద ఉన్నట్టే ఉంటుంది. విజయవాడ స్టేషన్ దగ్గర, ఇల్లూ వాకిలీ లేనివాళ్ళు తలదాచుకునే హాలు అది. మా ఆయన పోయాక కంకిపాడులో అత్తవారు ఇంట్లోంచి పంపేస్తే అక్కడికి చేరాను. నా పక్క చాప సీతారావమ్మ పిన్నిది. చుట్టరికం ఏమీ లేదు, పిలుపే. మంగళగిరిలో మగ్గాలకి నూలు కండెలు చుట్టి బతికిన మనిషి. చేతులు వణకడంతో ఆ పని పోయింది. నేను పగలంతా గోడకి చేరబడి కూర్చుంటే కాలితో తట్టి లేపేది. "లేవ్వే. ఆ గోడ మీద నీ వీపు అచ్చు పడిపోతోంది. ఇక్కడ అలవాటు పడ్డావంటే నిన్ను లేపడం ఇంక నా వల్ల కాదు" అనేది. ఒక మెస్సులో అంట్లు తోమే పనికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నిలబెట్టింది ఆవిడే.

ఏడాది తోమాక గది వెతకడానికి బయల్దేరాం. ఒంటరి ఆడవాళ్ళంటే ఎవరూ ఇవ్వలేదు. చివరికి కొండ మెట్ల మీద ఈ ఒంటిగది దొరికింది. ఇంటావిడ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "మగదిక్కు లేదా అమ్మా?" అంది.

"నేనున్నాగా అండీ, మీసాలొక్కటే తక్కువ" అంది పిన్ని.

ఇంటావిడ నవ్వేసింది. "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?"

"ఉమ్మడి కుటుంబం అండీ. అరవైమందిమి. సర్దుకోలేక వచ్చేశాం."

మెట్లు దిగేదాకా నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ గదికి లోపల గడియ ఉంది. మొదటి వారమంతా పిన్ని దాన్ని ఊరికే వేసి తీసి చూసుకునేది.

రెండేళ్ళు కూడా గడవలేదు. పిన్ని కడుపులో గడ్డ ముదిరిపోయిందని, ఇంక ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రిలో చెప్పేశారు. మర్నాడు ఇంటావిడ వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "ఏమీ అనుకోకమ్మా. ఇంట్లో మనిషి పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలి. తక్కిన గదులవాళ్ళూ ఉండరు. ఆవిణ్ణి ఇవాళే ఎక్కడికైనా చేర్చు. లేదంటే నువ్వూ ఖాళీ చెయ్యి" అంది. చెడ్డావిడేం కాదు. మా వైపు అద్దెకిచ్చేవాళ్ళంతా అనే మాటే, కళ్ళు తుడుచుకుంటూ అంది.

పిన్ని అంతా విన్నది. "ఆటో పిలువు. షెల్టర్‌కే పోదాం. అక్కడ ఎవరు పోయినా నక్షత్రం చూడరు. నువ్వు మటుకు ఈ గది వదిలావంటే ఊరుకోను" అంది. ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ పోయేటప్పటికి నేను మెస్సులో గిన్నెలు తోముతున్నాను.

ఎవరడిగినా, పిన్నే వెళ్ళిపోతానంది అని చెబుతాను. అది అబద్ధం కాదు. ఎవరికీ చెప్పనిది ఇంకొకటుంది. ఇంటావిడ మాట పూర్తయ్యీ కాకముందే నేను దండెం మీదున్న ఆవిడ చీరలు తీసి మడతపెట్టడం మొదలుపెట్టాను. పిన్ని నా చేతులకేసి చూసింది. చూసిన తరవాతే ఆటో పిలవమంది.