చెవితో పెట్టిన టైమింగ్

మా ఆయన పోయాక కారు నాలుగు నెలలు రేకుల షెడ్డులోనే ఉంది. అది మా పెళ్ళికంటే పాతది. అక్కన్నపేటలో ఉండే మా మరిది తీసుకుంటానన్నాడు కానీ ఒక షరతు పెట్టాడు.

"గా పటాకులు బందయితేనే తీస్కపోత వదినె. లేకుంటె ఊర్లె కుక్కలన్ని నా ఎంబడి పడ్తయి."

పొద్దున చల్లగా ఉన్నప్పుడు కారు ఒక్క తిప్పుకే లేచేది. ఎక్కడికైనా పోయి, ఆపి, పది నిమిషాలకు మళ్ళీ తాళం తిప్పితే మాత్రం ఇంజను వెనక్కి తన్ని, బానెట్ కింద ఢామ్మని పేలేది. ఆయన చివరి రెండు ఎండాకాలాలు దీనితోనే గడిచాయి. ప్లగ్గులు, కండెన్సర్ మార్చాడు, కార్బొరేటర్ విప్పి కడిగాడు. పేలుడు ఆగలేదు.

ఆ రెండేళ్ళలోనే ఆయన నా మాట పట్టించుకోవడం మానేశాడు. అంతకుముందు ఆయన కారు పని చేసుకుంటుంటే నేను గడపమీద కూర్చుని ఏదో ఒక పుస్తకం పైకి చదివేదాన్ని. చేతులు నూనెలో ఉన్నా మధ్యలో ఆపి, "ఆగు, గామె ఎందుకు పోయింది?" అని అడిగేవాడు. తర్వాత అడగడం తగ్గింది. ఒకసారి అనుమానమొచ్చి, చదివిన పేజీనే మళ్ళీ చదివాను. రెండుసార్లూ తల ఊపాడు. పుస్తకం మూశాను. మాటలూ తగ్గించాను. ఇన్నేళ్ళకు నేనంటే విసుగొచ్చిందనుకున్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. ఆయన గుండె ఆగిపోయాక, అదొక్కటే తెలుసుకోవాలనిపించేది.

మే నెలలో ఒక పొద్దున్నే మరిది, నేను కారును మా ఇంటికి దగ్గర్లోనే, మెదక్ రోడ్డులో ఉన్న ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన బానెట్ ఎత్తనే లేదు.

"సల్లటి బండిని సూస్తే ఏం తెలుస్తదమ్మా? జరమున్నప్పుడే దవాఖానకు తేవాలె. మిరుదొడ్డి దాక పోయి రాండ్రి. నడుమ ఆపకున్రి."

పోయొచ్చాం. ఇంజను ఆపించి, చాయ్ తెప్పించి, మమ్మల్ని కూర్చోబెట్టాడు. తర్వాత తనే తాళం తిప్పాడు. పేలింది. మరిది చాయ్ చొక్కామీద ఒలకబోసుకున్నాడు.

మెకానిక్ నడుస్తున్న ఇంజనుకు ఒక లైటు తగిలించి, తిరిగే చక్రం మీది గీతలు చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"టైమింగ్ ఎవరు పెట్టిన్రు?"

"మా ఆయననే. లైటు గిట్ల ఏం లేకుండె. చెవితోనే పెట్టేటోడు."

"పెట్టొచ్చు. మా ఉస్తాదు గూడ గట్లనే పెడ్తుండె. ప్లగ్గుల నిప్పు జర ముందుగాల వస్తే బండి మంచిగ గుంజుతది. మరీ ముందుగాల వస్తే, ఇంజను కాలినంక గిట్ల ఎనుకకు తన్నుతది. ప్లగ్గులకు నిప్పు పంపే డిస్ట్రిబ్యూటర్‌ను ఎంత దాక తిప్పాల్నో సెవి చెప్తది. ఎక్కువైతే సన్నగ గలగలమంటది. గది ఇనవడంగనే జర ఎనుకకు తిప్పాలె."

బ్రేకు తొక్కిపట్టి, గేరు వేసి, కొద్దిగా ఎక్సలేటర్ నొక్కాడు. ఇంజను హోరు కింద, డబ్బాలో శనగలు కదిలినట్టు సన్నటి చప్పుడు. నాకు స్పష్టంగా వినిపించింది.

"సార్‌కు సెవులు మంచిగుండెనా అమ్మా?"

"మంచిగనే ఉండె," అన్నాను.

"గిది ఇనవడ్డోడు గంత దూరం తిప్పడు."

మరిది చొక్కా దులుపుకోవడం ఆపాడు. "నేను ఫోన్ చేస్తే అన్న సిగ్నల్ లేదు, సిగ్నల్ లేదని పెట్టేస్తుండె. మా ఊరి టవర్‌ను నేను తిట్టని తిట్టు లేదు."

కారు పేలినప్పుడల్లా ఆయన కూడా నాతోపాటే ఉలిక్కిపడేవాడు. అందుకే నాకు తట్టలేదు. పెద్ద చప్పుళ్ళు వినబడేవి. సన్నవి పోయాయి. నా గొంతు సన్నదే.

మెకానిక్ ఒక బోల్టు వదులుచేసి, డిస్ట్రిబ్యూటర్‌ను వేలెడు కూడా కాదు, కొంచెం తిప్పి బిగించాడు. ఇంజను వేడిమీదనే రెండుసార్లు ఆపి లేపాడు. రెండుసార్లూ మెత్తగా అందుకుంది.

"ఎప్పటిసంది ఇట్ల అయ్యుంటది?" అని అడిగాను.

"గది బండి జెప్పదమ్మా. ఒక్కపారే తిప్పిండో, ఏడాదికింత జరుపుకుంట పోయిండో."

ఎప్పటినుంచో అన్నదే నాకు కావలసింది. పుస్తకం మూసిన సంవత్సరం, బతుకమ్మ పండుగనాడు, ఆయన వీపు చూస్తూ, "నువ్వు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అన్నాను. గట్టిగా అనలేదు. ఆయన తిరగలేదు. విని ఉంటే, ఆ మాట మోసుకునే పోయాడు. వినకపోతే, నేనెందుకు మాట్లాడటం మానేశానో తెలియకుండా పోయాడు. ఏది జరిగి ఉండాలని కోరుకోవాలో నాకు తెలియలేదు.

తిరిగి వస్తూ మరిదిని అడిగాను. "మీ అన్న సిగ్నల్ లేదనుడు ఎప్పుడు షురూ జేసిండు? ముందటేడు బతుకమ్మకు ముందా, ఎనుకనా?"

 "ఏమో వదినె. బోరు ఏసిననాడు ఫోన్ చేస్తే మంచిగనే మాట్లాడినట్టుండె."

"బోరు ఎప్పుడేసినవ్?"

"యాది లేదు."

బోరు ఎప్పుడేశారో వాళ్ళింట్లో ఎవరికైనా గుర్తుంటుందేమో అడగమన్నాను. తలూపాడు కానీ అడగడని తెలుసు. నన్ను ఇంటి ముందు దింపి, ఎండ ముదరకముందే చేరుకోవాలని, కారుతో అక్కన్నపేటకు వెళ్ళిపోయాడు.