మడత విప్పితే రాజావారు

నంద్యాలలో గౌస్ పటాలు కట్టబట్టి నలభై ఏళ్ళు. ఆయనకొక పట్టింపు. పూజపటం మీది బొట్టు ఇంటివాళ్ళే తుడవాలి. తను ముట్టడు.

ఆ సోమవారం ఆళ్ళగడ్డ నుంచి కమలాక్షమ్మ చెదలు పట్టిన పటమొకటి తెచ్చింది. నాలుగు తరాలుగా వాళ్ళింట్లో టెంకాయ కొట్టించుకుంటున్న దేవుడు, శివయ్యతాత. అద్దం నిండా కుంకుమ.

"తుడువమ్మా."

"నువ్వే తుడువప్పా, నాకు మోకాళ్ళ నొప్పి."

"అద్దం తుడిచేదానికి మోకాళ్ళెందుకమ్మా?"

ఆమె నవ్వి కొంగుతో తుడిచింది. విభూతి రేఖలు, రుద్రాక్షలు, అరచేతిలో లింగం బయటపడ్డాయి. గౌస్ ముందుకు వంగాడు. గీసిన బొమ్మ కాదిది, ఫోటో. దేవుడు కెమెరా ముందు ఎప్పుడు కూర్చున్నాడు?

మేకులు పీకి వెనక అట్ట తీశాడు. కాగితం అడుగున నాలుగు వేళ్ళ మేర లోపలికి మడిచి ఉంది. మెల్లగా విప్పాడు. నిగనిగలాడే బూట్లు. పక్కన కత్తి. కింద అచ్చు అక్షరాలు: 'రాజావారు, శివపూజా సమయమున'. పేరు మాత్రం మడతలో అరిగిపోయింది.

ఎప్పట్లా మడిచేసి మేకులు కొట్టేస్తే ఆమె దేవుడు ఆమెకుంటాడు. కానీ ఈసారి మడిస్తే కాగితం విరుగుతుంది. గౌస్ పటాన్ని ఆమె వైపు తిప్పాడు.

"ఏందీ, బూట్లా?"

"ఎవరో రాజుగారమ్మా. తెల్లోళ్ళ కాలం నాటి ఫోటో."

"అంటే దేవుడు కాదా?"

"కాదు. పూజ చేస్తాండాడు, అంతే."

కమలాక్షమ్మ స్టూలు మీద కూలబడింది. "మా నాయన పొయ్యేనాడు గూడా దీనికే మొక్కినాడప్పా!"

గౌస్ టేపు తీసి కాగితం కొలిచాడు. "బూట్లు కోసేయాల, లేదంటే పెద్ద ఫ్రేము కట్టాల. ఏం చేయమంటావ్?"

ఆమె మడత గీతను వేలితో తడిమింది.

"ఎవరు మడిసింటారప్పా?"

"నాలాంటోడే ఎవరో. ఇంటోళ్ళు చెప్పకుండా మడవంలేమ్మా."

"అయితే మా ముత్తాతకు తెలుసు!" ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "రాజని తెలిసే బూట్లు దాపెట్టి మొక్కినాడు. ఆ రాజుతో ఏం మేలు పొందినాడో, ఏమో! మాకు ఒక్కరూ చెప్పలే సూడు."

మళ్ళీ పటం వైపు చూసింది. ఈసారి మొక్కే చూపు కాదు, కొత్త మనిషిని పోల్చుకునే చూపు.

"కోయొద్దు. పెద్దదే కట్టు. గూట్లోంచి తీసి దేవునికి ఎదురుగా పెడ్తా. ఆయప్పా నేనూ కలిసి మొక్కుకుంటాం."

"మరి బూట్లు?"

"ఇప్పుడు ఇప్పమంటే ఇంటాడా?"