కంపు వదిలిన మిషను

ఏ పని ముగించినా ఆంజినమ్మ చెయ్యి ఒకసారి వాసన చూసుకుంటుంది. ఉరవకొండలో హేమలతమ్మ ఇంటికి గిన్నెలు కడిగే మిషను వచ్చాక ఆమెకు తోమే పని తప్పింది గాని, దాని కంపు వదిలించే పని తగులుకుంది. సంగటి తిన్న తట్టలు అలాగే పెట్టేస్తారు. అడుగు జల్లెడలో ముద్దలు పేరుకుని, పులిసి, చచ్చిన ఎలుక కంపు కొడతాయి. ఆ కరువు ఏడాది ఒక మధ్యాహ్నం మోచేతి దాకా చెయ్యి పెట్టి అదంతా గోళ్లతో గీకి తీసింది, నిమ్మచెక్కలతో రుద్దింది.

“మీ సంగటి గట్టిదమ్మా, మిషనుకే అరగలేదు,” అని నవ్వింది.

“నోరు ముయ్యే. తలకాయ లోపల పెట్టి చూడు, ఇంగా కొడతాందా?” అంది హేమలతమ్మ.

ఆంజినమ్మ తల దూర్చి చూసింది. “లేదమ్మా. ఒక్క బిందె నీళ్లియ్యమ్మా. మా వీధికి ట్యాంకరు రాలేదు, పిల్లోళ్లు గొంతెండి ఉండారు.”

“మాకే లేవు, నీకు యాడ తెచ్చేది?”

ఆంజినమ్మ ఖాళీ బిందెతో పెరట్లోకి వచ్చి, ఎండకు జడిసి గోడ నీడన కూచుంది. లోపల హేమలతమ్మ కూతురికి చెబుతోంది: “నందినీ, తట్టలు అప్పుడే పెట్టొద్దు. అది తల పెట్టిండాది లోపల. ఉత్తగా ఒకసారి తిప్పు.”

మిషను గుర్రుమంది. కాసేపటికి గోడ గొట్టంలోంచి బిందెడు నీళ్లు, నిమ్మకాయ వాసన వేస్తూ, ఆమె కాళ్ల పక్క నుంచి మోరీలోకి పోయాయి.